ఉప్పెన టీకా

సైరన్ మోగిన తొమ్మిదో నిమిషానికి మా పెదరేవు మొత్తం తుఫాను షెల్టరు దగ్గరుంది. జిల్లా నుంచి వచ్చిన అధికారి ఫోన్లో టైము చూసుకుని, నమ్మలేక మళ్ళీ చూసుకున్నాడు. కిందటేడు ఇదే కసరత్తుకి గంటన్నర పట్టింది. అప్పుడు వచ్చినవాళ్ళు నలభై మంది, అందులో సగం మంది పులిహోర పొట్లాల కోసం వచ్చారు.

ఈసారి పులిహోర లేదు. అయినా ప్రతి ఇంటివాళ్ళూ మూటతో సహా వచ్చారు. రేషను కార్డు, ఆధార్ కార్డు పాలిథిన్ కవర్లో చుట్టి దారంతో కట్టారు. స్టీలు డబ్బాలో అగ్గిపెట్టె, వేయించిన శనగలు, బెల్లం ముక్క, బీపీ మాత్రలు, టార్చిలైటు, ఇరవై మూరల నైలాను తాడు. గేదెల పలుపులు విప్పేసి వచ్చారు. పొయ్యిలు ఆర్పేసి, పడవలు గట్టుకి లాగేసి వచ్చారు.

"ఏం చేశారమ్మా వీళ్ళని?" అని ఆయన నన్నడిగాడు.

నేను గొప్పగా నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఎందుకంటే చూడాల్సింది కళ్ళెదురుగానే ఉంది, నేను చూడలేదు. మెట్లెక్కి వచ్చిన మూడొందల పైచిలుకు జనంలో ఒక్కరు కూడా హాల్లోకి పోలేదు. అందరూ వరండాలోనే, రెయిలింగు పట్టుకుని నిలబడ్డారు. ఉక్కగా ఉంది కదా, గాలి కోసం అనుకున్నాను.

నా పేరు రాజ్యలక్ష్మి. బందరులో తీరప్రాంతపు విపత్తుల మీద పరిశోధన చేసే ఒక చిన్న సంస్థలో ల్యాబ్ టెక్నీషియన్ని. పుట్టిందీ పెరిగిందీ పెదరేవులోనే. ఇప్పటికీ అమ్మతో కలిసి అక్కడే ఉంటూ రోజూ స్కూటీ మీద వెళ్ళొస్తాను. సొంత ఊరు కాబట్టి ఇంటింటికీ తిరిగి తుఫాను జాగ్రత్తలు చెప్పే పని కూడా నాకే అంటగట్టారు. నాలుగేళ్ళు తిరిగాను. నేను పంచిన కాగితాల్లో మా ఊరివాళ్ళు ఎండుచేపలు పొట్లాలు కట్టుకున్నారు. "వత్తే వచ్చుద్దిలే రాజ్యం, మనం ఎటు బోతాం?" అనేవాళ్ళు. మూట కట్టుకోమంటే, తుఫాన్ని పిలిచినట్టవుద్దని తిట్టినవాళ్ళు కూడా ఉన్నారు.

ఆ మాటే మా డాక్టరు హైమవతి మేడమ్‌తో చెప్పాను. ఆవిడ పెన్ను మూసి బల్ల మీద పెట్టింది.

"వాళ్ళకి తెలియక కాదు రాజ్యం. చూడలేదు కాబట్టి భయం లేదు. చూసినవాళ్ళు చచ్చిపోయారు. మీ ఊళ్ళో ఉప్పెన చూసి బతికినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

ఉన్నారు. నలభై మూడేళ్ళ కిందట పెదరేవులో ఆరొందల మంది ఉంటే బతికి బయటపడింది పదకొండు మంది. పదిమంది ఆ తర్వాత ఒకరొకరే పోయారు. మిగిలిన ఆ ఒక్క మనిషీ మా అమ్మ నాంచారమ్మ.

ఆ బతికినవాళ్ళ భయాన్ని తీసి ఊరందరికీ టీకాగా వెయ్యాలన్నది మేడమ్ ఆలోచన. అమ్మని ఒప్పించడానికి నేను కష్టపడాల్సి వస్తుందనుకున్నాను. ఒక్క మాటలో ఒప్పేసుకుంది. "నా బిడ్డ పోయినట్టు ఇంకోళ్ళ బిడ్డ పోగూడదు. ఏం దీసుకుంటారో దీసుకోండి" అంది. ఆ బిడ్డ మా అక్క శేషు. నేను పుట్టడానికి ఆరేళ్ళ ముందే పోయింది. ఫోటో కూడా లేదు.

అమ్మని కుర్చీలో కూర్చోబెట్టాం. తలకి తీగల టోపీ పెట్టాం. మేడమ్ వెన్నులోకి సన్నటి సూది దించి, ఇక ఆ రోజు సంగతి చెప్పమంది. అమ్మ కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది.

"ఊరంతా ఉప్పు గోడౌన్లోకి పోయారు. ఊళ్ళో గట్టి కట్టడం అదొక్కటేగా. నేనూ శేషూ ఆలీసంగా ఎల్లాం. అప్పటికే తలుపేసి గొళ్ళెం బెట్టేశారు. ఎంత బాదినా తియ్యలా. గాలికి ఇనపడలేదో ఏమో. ఈలోపు నీళ్ళొచ్చినయ్. తాడిసెట్టు దొరికితే పట్టుకున్నా. పిల్లని నీళ్ళు లాక్కపోయినయ్. తెల్లారి సూత్తే గోడౌను అట్టాగే ఉంది. తలుపూ ఏసినట్టే ఉంది. లోపల కప్పు దాకా నీళ్ళు. ఒక్కళ్ళు బతకలా."

తెర మీద గీతలు పిచ్చెక్కినట్టు ఎగిరాయి. మేడమ్ ఆ క్షణంలోనే సూదిలోంచి చెంచాడు నీళ్ళు తీసింది.

"జ్ఞాపకాన్ని తలుచుకున్నప్పుడల్లా అది కాసేపు మెత్తబడుతుంది, తడిసిన బంకమన్నులాగా. అచ్చు తీస్తే అప్పుడే తియ్యాలి" అంది. ఆ నీళ్ళలో ఉన్నదాన్ని పెంచి జబ్బకి సూది వేస్తే చాలు. వేయించుకున్న మనిషి ఒంటికి ఆ రోజు గుర్తొస్తుంది. ఒక్క సిట్టింగుకి నలభై అయిదు మోతాదులు. అమ్మ కాక ఊళ్ళో పెద్దవాళ్ళు మూడొందల పన్నెండు మంది. పిల్లలకి వెయ్యకూడదనుకున్నాం. లెక్క చూస్తే అమ్మ ఏడుసార్లు కూర్చోవాలి.

మొదటి మోతాదు నేనే వేయించుకున్నాను. అమ్మ నాది, ఊరు నాది, ముందు ఇంకొకరికి వేస్తే ఎలా? ఏసీ గదిలో బల్ల మీద పడుకున్నాను. పది నిమిషాలకి నోరంతా ఉప్పగా అయింది. చెవుల్లో హోరు. చీకటి. తాటి బెరడు గుండెల మీద చర్మాన్ని చీలుస్తోంది. కుడిచెయ్యి చెట్టుని చుట్టుకుని ఉంది. ఎడమచేతిలో చిన్న చెయ్యి ఉంది. వెచ్చగా ఉంది. "అమ్మా, జీళ్ళు తడిసిపోయినయ్యే" అంటోంది. ఇంకో గుప్పిట్లో బెల్లం జీళ్ళు పెట్టుకుని పరిగెత్తుకొచ్చింది పాపం. నీళ్ళు గొంతు దాకా వచ్చాయి. పైకెక్కాలి. ఎక్కాలంటే రెండు చేతులూ కావాలి.

నీళ్ళు లాక్కుపోలేదు. అమ్మే వేళ్ళు తెరిచింది.

నేను బల్ల మీంచి దొర్లి కిందపడి వాంతి చేసుకున్నాను. నలభై మూడేళ్ళు అమ్మ కడుపులో దాచుకున్న మాట నా ఎడమ అరచేతిలోకి వచ్చేసింది. ఇక ముందు ఊరందరి అరచేతుల్లోకీ వస్తుంది. ఆ సంగతి నాకా నిమిషమే తెలుసు. మేడమ్ ఎలా ఉందని అడిగితే భయం, గుండెదడ, వాంతి, అన్నీ అనుకున్నట్టే ఉన్నాయని చెప్పి కాగితం మీద సంతకం పెట్టాను. ప్రాణాలు దక్కుతాయి కదా, మిగతాది ఎంతలే అనుకున్నాను. అమ్మని మాత్రం అడగలేదు.

రెండు నెలల్లో ఊరందరికీ టీకాలు వేశాం. మర్నాటి నుంచే ఊరి తీరు మారిపోయింది. కాగితాలు చూసి నవ్వినవాళ్ళే మూటలో ఏమేం పెట్టాలని ఇంటికొచ్చి అడిగారు. షెల్టరు తాళాలు ఏసుపాదం దగ్గరుంటాయి. నాలుగేళ్ళుగా బూజు పట్టిన హాలుని ఆ మనిషి రెండు రోజుల్లో కడిగి, నీళ్ళ ట్యాంకు నింపాడు. ఊరి చివర తాటిచెట్లన్నిటికీ కాలు పెట్టుకునేలా మెట్లు నరికారు. కల్లు కోసం అనుకుని నేను నవ్వాను కూడా.

పక్కింటి సామ్రాజ్యం తలుపు గొళ్ళెం ఊడబీకిస్తుంటే, ఎందుకని అడిగాను. "గాలాడద్దిలే వదినా" అంది, నా మొహంలోకి చూడకుండా. నెల తిరిగేసరికి ఊళ్ళో ఒక్క ఇంటికీ గొళ్ళెం లేదు. దొంగలకి కబురందితే పండగే. నిజం చెప్పాలంటే మా ఇంటి గొళ్ళెం నేనే తీసేశాను. రాత్రిళ్ళు దాన్ని చూస్తుంటే ఊపిరాడేది కాదు. అది నా ఒక్కదాని పిరికితనం అనుకున్నాను గానీ మూడొందల మందికీ అదే జబ్బు పట్టిందని నా బుర్రకి తట్టలేదు.

ఎవరూ అమ్మని ఒక్క మాటా అనలేదు. అనకపోయినా తెలుస్తూనే ఉంది. రేవులో ఆమె వస్తుంటే ఆడవాళ్ళు మాటలు ఆపేవాళ్ళు. ఒక సాయంత్రం అమ్మ అరుగు మీద సామ్రాజ్యం కొడుకుని ఒళ్ళో పెట్టుకుని ఆడిస్తోంది. చంటివాడు ఆమె వేలు పట్టుకుని లాగుతున్నాడు. సామ్రాజ్యం చేపల గంప అక్కడే దించేసి ఒక్క ఉదుటున వచ్చి పిల్లాణ్ణి లాక్కుంది.

"ఏందే, నేనేం జేశా?" అంది అమ్మ.

"పాలకి ఏడుత్తాడత్తా" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. చంటివాడు ఏడవడం మొదలుపెట్టింది ఆ తర్వాతే. అమ్మ తన చేతుల వంక చూసుకుంటూ కూర్చుంది. నిజంగానే ఏమీ తెలియని మొహం అది.

అప్పటికి ఏడు సిట్టింగులూ అయిపోయాయి. అయిదోసారి చెబుతూ చెబుతూ అమ్మ మధ్యలో ఆగి, "ఆ గోడౌను ఎవుళ్ళదీ?" అని నన్నే అడిగింది. ఆరోసారి గీతలు సగమే లేచాయి. ఏడోసారి పక్కూరి కబురు చెప్పినట్టు గడగడా చెప్పేసి, ఇంటికెళ్ళాలి, కోళ్ళకి గింజలెయ్యాలి అంది. మేడమ్ తెర వంక చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఒకే మట్టి మీద అన్నిసార్లు అచ్చు తీస్తే అరిగిపోతుందని నేను అనుకోలేదు రాజ్యం. నా తప్పే." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "పోనీ, ఆవిడకి ఆ బాధైనా పోయింది కదా" అంది.

నేనూ ఆ మాటే పట్టుకుని వేలాడాను. అమ్మ ఇప్పుడు నిద్రపోతోంది. అర్ధరాత్రి లేచి గుమ్మంలో కూర్చోవడం లేదు. దాన్ని నేను వైద్యం అనుకున్నాను. అయిదోసారి తర్వాతే ఆపమని చెప్పి ఉండొచ్చు. చెబితే తొంభై మందికి మందు తక్కువయ్యేది. ఆ తొంభై మందిని తూకంలో ఒకవైపు వేసి, రెండోవైపు అమ్మని వేశాను. తూకం వేసింది నేనే.

కార్తీకంలో ఉప్పెన వచ్చిన తిథి ఒకటుంది. ఆ రోజు అమ్మ ఎప్పుడూ పొయ్యి వెలిగించేది కాదు. పొద్దున్నే జీళ్ళు కొనుక్కుని రేవుకి వెళ్ళి, అలల్లో ఒక్కొక్కటే వేస్తూ మధ్యాహ్నం దాకా కూర్చునేది. నా చిన్నప్పుడు అందులో ఒకటి అడిగితే, జీవితంలో ఒకే ఒక్కసారి, నన్ను కొట్టింది.

ఈ ఏడు ఆ రోజున నేను లేచేసరికి ఇల్లంతా చందువ చేపల పులుసు వాసన.

"రా, ఏడేడిగా తిందువు గాని" అంది అమ్మ. తనూ వడ్డించుకుని, ముల్లు తీసుకుంటూ తీరిగ్గా తింది. రెండోసారి కూడా పెట్టుకుంది.

"ఇయ్యాళ ఏం రోజో తెలుసా అమ్మా?"

"శుక్రవారం."

"శేషు..." అన్నాను.

"ఎవురే?" అంది, చేప ముక్క నోట్లో పెట్టుకుంటూ.

నేను చెయ్యి కడుక్కుని పెరట్లోకి వెళ్ళి, కోళ్ళగూడు వెనకాల కూర్చుని ఏడ్చాను. మా అక్కని కన్నతల్లే మర్చిపోతే ఇంకెక్కడుంది ఆ పిల్ల? మా ఒళ్ళలో ఉంది. అదీ చచ్చిపోతున్న ఆ ఒక్క గంటే.

మూడు వారాలకి తుఫాను వచ్చింది.

పొద్దున ఏడింటికి సైరన్ మోగింది. మధ్యాహ్నానికి మా దగ్గరే తీరం దాటుతుందని, పన్నెండడుగుల ఎత్తున సముద్రం లోపలికొస్తుందని చెప్పారు. ఎనిమిది గంటలకల్లా ఊళ్ళో కుక్క తప్ప ఏమీ మిగల్లేదు. పిల్లలతో కలిపి మూడొందల తొంభై మందిమి షెల్టరు వరండాలో నిలబడ్డాం. ప్రతి తల్లీ పిల్లని పాత చీర పేలికతో నడుముకి కట్టుకుంది. నా సంచిలో మందుల పెట్టె ఉంది. అందులో మిగిలిపోయిన టీకా సీసాలు మూడు ఉన్నాయి. ఐసు డబ్బాతో సహా తెచ్చాను. ఎందుకు తెచ్చానో నాకే తెలియదు.

పదింటికి గాలి పెరిగింది. కొబ్బరి మట్టలు ఎగిరొచ్చి రెయిలింగుకి కొట్టుకుంటున్నాయి. ఎక్కణ్ణించో ఒక రేకు తిరుగుతూ వచ్చి స్తంభానికి తగిలి రెండుగా చీలింది. ఇక లోపలికి పోక తప్పదు. నేనే ఒక్కొక్కరినీ తోశాను. పోయారు గానీ గోడల పక్కకి పోలేదు. అందరూ తలుపు దగ్గరే గుమిగూడారు.

"తలుపెయ్యి ఏసుపాదం" అన్నాను.

ఏసుపాదం గొళ్ళెం మీద చెయ్యి పెట్టాడు. దించాల్సిన ఇనప కడ్డీని దించలేకపోయాడు. "నా వల్ల గావట్లేదక్కా. ఏత్తే సచ్చిపోతాం" అన్నాడు. పడవ బోల్తాపడితే అయిదు మైళ్ళు ఈదుకుంటూ వచ్చిన మనిషి ఏసుపాదం. నేను ముందుకి రెండడుగులేశాను. నా కాళ్ళూ ఆగిపోయాయి. తలుపు వేస్తే నీళ్ళు కప్పు దాకా నిండుతాయి. అక్కడ నిండవని, అది స్తంభాల మీద కట్టిన భవనమని, నేలకి పద్దెనిమిది అడుగుల ఎత్తులో ఉన్నామని నాకు లెక్కలతో సహా తెలుసు. నా ఒంటికి మాత్రం తెలియదు.

మేం చేసిన తప్పు అప్పుడు అర్థమైంది. తుఫానంటే భయం నేర్పామనుకున్నాం. అమ్మ ఒళ్ళు నేర్చుకున్నది వేరు. తలుపు వేసుకున్నవాళ్ళు పోయారు, చెట్టు పట్టుకున్నది బతికింది. ఊరందరికీ మేం ఎక్కించింది అదే.

"తలుపెయ్యడానికి ఇంతసేపేందిరా?" అంటూ అమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. ఏసుపాదాన్ని పక్కకి నెట్టి, రెక్క మూసి, గొళ్ళెం ధడేలున దించింది.

ఆ చప్పుడు విన్నాక ఏం జరిగిందో చెప్పడం కష్టం. మూడొందల పన్నెండు మంది ఒక్కసారే లేచారు. "తియ్యండి, తలుపు తియ్యండి" అని అరుపులు. మగవాళ్ళు తలుపుని భుజాలతో గుద్దుతున్నారు. అది లోపలికి తెరుచుకునే తలుపు. అందుకే ఆగింది. పిల్లలు తల్లుల మొహాలు చూసి కెవ్వుమన్నారు. సామ్రాజ్యం చంటివాణ్ణి నడుముకి కట్టుకుని కిటికీ ఊచలు పీకుతోంది, "తాడిసెట్టుకి బోవాలి, తాడిసెట్టుకి బోవాలి" అంటూ. నేనూ అరుస్తున్నాను. నా అరుపు నాకే వినపడుతోంది. చేతిలో ఉన్న తాడుతో నా నడుముని స్తంభానికి కట్టేసుకున్నాను. లేకపోతే ఆ గొళ్ళెం తీసేది నేనే అయ్యుండేది. ఆ మాట నా బిడ్డ మీద ఒట్టేసి చెప్పగలను, నాకు బిడ్డలు లేకపోయినా.

కిటికీ లోంచి కింద నీళ్ళు కనిపించాయి. నల్లగా, ఒక్క పెట్టున, ఊరి మీంచి వస్తున్నాయి. మా ఇల్లు కనపడలేదు.

తలుపుకి వీపు ఆనించి నిలబడింది అమ్మ ఒక్కతే. అరవై తొమ్మిదేళ్ళ మనిషి. మీద పడుతున్నవాళ్ళ చేతుల మీద కొడుతోంది. "బయట అడుగు బెడితే కొట్టుకపోతారర్రా! ఏం పుట్టింది మీకు?" ఆమె కళ్ళలో రవ్వంత భయం లేదు. ఊరి భయమంతా ఆమెది, అది ఇప్పుడు ఆమె దగ్గర తప్ప అందరి దగ్గరా ఉంది.

అప్పుడెవరో "శేషూ" అన్నారు.

ఎవరో తెలియదు. ఆ వెంటనే ఇంకో గొంతు, ఇంకో గొంతు. ఏసుపాదం మోకాళ్ళ మీద కూలబడి, ఎడమ అరచెయ్యి నేలకేసి బాదుకుంటూ, "శేషూ, నా తల్లీ" అని గుండె పగిలేలా అరిచాడు. కాసేపటికి హాలంతా అదే పేరు. గాలి హోరు మీంచి వినపడుతోంది. నా నోట్లోంచీ అదే వస్తోంది. నేనెప్పుడూ చూడని మా అక్కని పేరు పెట్టి పిలుస్తున్నాను.

అమ్మ మొహం మారిపోయింది.

"ఎవురి పిల్ల?" అంది. ఎవరూ వినలేదు. "ఎవురి పిల్లే అది? బయటుండిపోయిందా?" ఈసారి గట్టిగా అరిచింది. "మాటాడరేందే, పిల్ల బయట ఉంటే?" కొంగు బిగించి నడుముకి చుట్టుకుని వెనక్కి తిరిగింది. గొళ్ళెం మీద చెయ్యి వేసింది. సగం పైకెత్తింది.

ఎవరి పిల్లో బయటుందని, అందరూ అరుస్తూ ఎవరూ కదలడం లేదని, తనే వెళ్ళి తెస్తానని తీస్తోంది. తీస్తే ఆ తెరిచిన వాకిట్లోంచి ఊరంతా నీళ్ళలోకి దూకుతుంది. ఒక్క తాటిచెట్టు కోసం.

తాడు ముడి ఎలా విప్పానో గుర్తు లేదు. గోళ్ళు ఊడాయి. జనం కాళ్ళ మధ్యనుంచి పాకి ఆమె కాళ్ళు పట్టుకున్నాను.

"తియ్యొద్దమ్మా! బయట ఎవరూ లేరు."

"పిల్లుందంటన్నారుగా!"

"ఆ పిల్ల ఎప్పుడో పోయిందమ్మా. నలభై మూడేళ్ళయింది. నీ కూతురే. శేషు నీ కూతురమ్మా. నాకు అక్క."

అమ్మ నా వంక వంగి చూసింది. నేను వెతుకుతున్నది ఆమె కళ్ళలో ఎక్కడా లేదు. పొరుగూరి కబురు విన్నట్టు విని, బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో పాపం. ఎంత పిల్లే?"

"అయిదేళ్ళు."

"అయ్యో" అంది మళ్ళీ. గొళ్ళెం మీది చెయ్యి మెల్లగా కిందకి దిగింది, గొళ్ళెంతో పాటు. తలుపుకి జారగిలబడి నా పక్కన కూర్చుంది. "నాకు గుర్తు లేదేందే? నా కూతురైతే నాకు గుర్తుండదా?" గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. "ఎట్టా ఉండేదే?"

నేను చెప్పాను. అరవకుండా మాట్లాడాలంటే ఊపిరి తీసుకోవాలి కదా, తీసుకున్నాను. ఆకుపచ్చ పరికిణీ, నీ పాత చీరలోంచి కుట్టింది. ఎడమ చెవికి కుట్టిన బెజ్జంలో వేపపుల్ల. ఏసుపాదం నేల బాదడం ఆపి తల ఎత్తాడు. "ముందుపన్ను ఒకటి లేదు" అన్నాడు. "నవ్వితే నాలిక కనపడద్ది." ఇంకెవరో జీళ్ళ సంగతి అందుకున్నారు. గుప్పిట తెరవమంటే తెరవదట. పరిగెడుతున్నంతసేపూ ఒక్కటైనా తిననిమ్మని పోరిందట. ఒకరి తర్వాత ఒకరు తలుపు దగ్గరికి వచ్చి, నేల మీద కూర్చుని చెప్పారు. వాళ్ళు చూడని పిల్ల గురించి, వాళ్ళ ఒళ్ళో పెరిగినట్టు చెప్పారు. గాలికి షెల్టరు ఊగుతూనే ఉంది. భయం పోలేదు. చెప్పడానికి నోరు కావాలి కాబట్టి అరవడం మాత్రం ఆగింది.

"మరి ఎట్టా పోయింది?" అని అడిగింది అమ్మ.

మూడొందల మందికి ఎడమచేతిలో తెలుసు ఎలా పోయిందో. సామ్రాజ్యం చంటివాణ్ణి గుండెకి ఇంకా గట్టిగా అదుముకుని, అమ్మ మొహంలోకి చూసింది.

"నీళ్ళు లాక్కపోయినయ్ అత్తా" అంది.

"అవును పెద్దమ్మా, నీళ్ళే" అన్నాడు ఏసుపాదం. ఒక్కరు కూడా కాదనలేదు.

సాయంత్రం నాలుగింటికి గాలి తగ్గింది. తలుపు తీస్తే ఊరు లేదు. మేం మూడొందల తొంభై మందిమీ ఉన్నాం.

పేపర్లలో మా ఊరి ఫోటో వేశారు. హైమవతి మేడమ్ వారం తర్వాత మా గుడారానికి వచ్చింది. నేను హాల్లో జరిగిందంతా పొల్లుపోకుండా రాసిచ్చాను, నా మొదటి సంతకం గురించి కూడా. ఆవిడ చదివి కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. ఇంకా అరవై ఊళ్ళు టీకా కావాలని అడుగుతున్నాయని, ఏం చెప్పాలో తెలియడం లేదని అంది. నాకూ తెలియదన్నాను. మిగిలిన మూడు సీసాలున్న ఐసు డబ్బా ఆవిడ పట్టుకెళ్ళిపోతుంటే అమ్మ ఆపింది.

"అదేనా ఆ మందు?"

"అవునమ్మా."

"అందరికీ ఏశారుగా. నాకెందుకెయ్యలా?"

మేడమ్ నా వంక చూసింది. నేను అమ్మ ముందు కూర్చున్నాను. అది మంచి మందు కాదని చెప్పాను. అందులో ఉన్నది ఒక్క గంటేనని, ఆ గంటలోనే పిల్ల పోతుందని, అందులో నువ్వు తట్టుకోలేనిది ఒకటుందని, నేను చెప్పలేనని, నోరు తెరిచి చెప్పగలిగినంత చెప్పాను.

"ఊరందరూ సూశారు దాన్ని. పక్కింటోళ్ళు సూశారు. కన్నదాన్ని, నేను సూడలా" అంది అమ్మ. "ఏడుపైతే ఏడుపు, భయమైతే భయం. దాంతోపాటే రానియ్యి."

రవిక చెయ్యి పైకి మడుచుకుంది. మేడమ్ తన చేతులతో వెయ్యనంది. అందుకని నేనే వేశాను.

"ఎంతసేపటికి తెలుసుద్ది?"

"పది నిమిషాలు."

సరేనని గుడారం గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. నన్ను తల దువ్వమంది. దువ్వుతున్నాను. సముద్రం మామూలుగానే ఉంది. ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. నాకు చాలా భయంగా ఉంది.